కోడి పైసలు, కొంగు ముడి

నా కోడి కూయకపోతే, నా కుంపటి రాజకపోతే ఈ ఊరికి ఎట్ల తెల్లారుతదో చూస్త అని అలిగి, రెండూ చంకన పెట్టుకుని ఊరు విడిచిపోయిన ముసలమ్మ కథ మనందరం విన్నదే. ఆమె అమాయకత్వానికి నవ్వుకోవడం అలవాటు. కానీ గడియారం, అగ్గిపెట్టె లేని రోజుల్లో ఊరు లేవడానికి ఆమె కోడి, పొయ్యి వెలగడానికి ఆమె నిప్పు పనికొచ్చాయి. ఊరు వాడుకున్నది, లెక్కలో మాత్రం వేయలేదు. ఇంకో సంగతి కూడా ఉంది. ఊరు విడిచిపోయేటప్పుడు ఎవరినీ అడగకుండా ఆమె పట్టుకుపోగలిగినవి ఆ రెండే. ఇల్లు కాదు, చెలక కాదు, గొడ్డు కాదు.

మన నివేదికలో ప్రతి ఏడూ పొదుపు, అప్పు, వసూలు, బకాయి పట్టికలు వేస్తున్నాం. పెరటి కోళ్ళ అప్పుల పేజీ ఒకటి ఉంటుంది. ఈసారి ఆ పేజీ రాసుకునేటప్పుడు కొత్తగా చేరిన ఒక సభ్యురాలు, "కోళ్ళ స్కీము ఏ సంవత్సరంల వచ్చింది?" అని అడిగింది. పక్కనున్న పెద్దమ్మ, "కోడి స్కీముల వచ్చుడేందే, మా అవ్వ కాలం నుంచి ఇంట్లనే ఉన్నది" అన్నది. ఇద్దరూ సరిగ్గానే అడిగారు, సరిగ్గానే చెప్పారు. ఆ రెండు మాటల మధ్య ఉన్న చరిత్ర ఎక్కడా రాసి లేదు గనుక మాకు తెలిసినంత ఇక్కడ రాస్తున్నాం.

మన ఓరుగల్లు కోళ్ళ గురించి పాత రాతల్లో దొరికేది పుంజు గురించే. పదిహేనో శతాబ్దంలో వినుకొండ వల్లభరాయుడు రాశాడని చెప్పే క్రీడాభిరామంలో మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు స్నేహితులు ఓరుగల్లు వీధులన్నీ తిరుగుతారు. వాళ్ళ కంట పడినవాటిలో పూటకూళ్ళ ఇల్లు ఉంది, పొట్టేళ్ళ పోరు ఉంది, కోడిపందెం కూడా ఉంది. పుంజుల రంగులకు కాకి, డేగ, నెమలి అని పేర్లు పెట్టి, ఏ రోజు ఏ రంగు గెలుస్తుందో చెప్పడానికి కుక్కుట శాస్త్రమే పుట్టింది. పల్నాటి కథలోనైతే కోడిపందెం ఓడి ఒక రాజ్యమే అడవుల పాలయింది. అందులో నాయకురాలు నాగమ్మ ఆడదే కదా అని ఎవరైనా అనవచ్చు. ఆమె మంత్రిగా కథలోకి వచ్చింది, కోళ్ళు పెంచిన మనిషిగా కాదు. ఆ పుంజును గుడ్డు నుంచి పొదిగించి, గద్ద ఎత్తుకుపోకుండా గంప కింద దాచి పెంచిన చేయి ఎవరిదో ఏ పుస్తకమూ చెప్పదు.

ఆ చేతి సంగతి మా సభ్యుల్లో అరవై, డెబ్బై ఏళ్ళ వాళ్ళని అడిగితే చెప్పారు. వాళ్ళు చెప్పినవి వింటుంటే అది పెంపకం మాత్రమే కాదు, ఒక చిన్న బ్యాంకు అనిపించింది.

కాపురానికి వచ్చిన కోడలికి తల్లిగారు ఒక పెట్టను ఇచ్చి పంపేవారు. అది ఆమె సొంతం. పెట్ట ఇవ్వలేని ఇంటి పిల్ల అయితే వాడకట్టులో ఇంకొకామె కాడ పాలుకు తెచ్చుకునేది. పాలు అంటే, కోడి ఒకరిది, సాకుడు ఇంకొకరిది. పొదిగి లేచిన పిల్లలు పెద్దయినాక చెరి సగం, తల్లికోడి మళ్ళీ దాని ఇంటికి. వడ్డీ లేదు, కాగితం లేదు. పిల్లల్ని గద్ద కొట్టుకుపోతే నష్టం ఇద్దరిదీ. మేము తర్వాత బ్యాంకుల్లో ఎన్నో రకాల అప్పులు చూశాం గానీ నష్టాన్ని కూడా పంచుకున్న అప్పు మళ్ళీ కనబడలేదు.

దేశవాళీ పెట్ట ఒక విడతకు పది, పదిహేను గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంటుంది. ఇరవై ఒక్క రోజులు. ఆ తర్వాత రెండు నెలలకు పైగా పిల్లల్ని వెంట తిప్పుకుంటుంది. ఇట్లా ఏడాదికి మూడు నాలుగు విడతలు, మొత్తం మీద 50, 60 గుడ్లు. ఇంతే. ఇంత తక్కువ అని ఇప్పటి లెక్కల వాళ్ళు పెదవి విరుస్తారు. దానికి పెట్టుబడి ఏమిటో కూడా చూడాలి: చెరిగిన నూకలు, తవుడు, అంట్ల కాడ మెతుకులు, పెంటకుప్పలో పురుగులు. పిల్లలకు బలం కావాలంటే కుండలో పేడ, గడ్డి కుక్కి చెదల పుట్ట మీద బోర్లించి, తెల్లారి దులిపితే చెదలు రాలేవి. పొదిగే గంపలో అడుగున ఇసుక, పైన వరిగడ్డి, పక్కన ఒక బొగ్గు ముక్క, ఒక ఇనుప ముక్క, ఉరుములకు గుడ్లు మురిగిపోకుండా అని. అది పని చేస్తుందో లేదో మేము తేల్చలేం. కానీ దీపం ముందు గుడ్డు పట్టి చూసి, ఏది పిల్లవుతుందో ఏది వట్టిదో చెప్పిన కన్ను మాత్రం ఒట్టి నమ్మకం కాదు. హేచరీలో కరెంటు దీపం ముందు నేటికీ చేసే పని అదే.

కోళ్ళ పైసలు కొంగున ముడి వేసుకునేవి. ఉప్పు, గాజులు, పిల్లల పలకలు, జ్వరమొస్తే బస్సు కిరాయి, పుట్టింటి పండుగకు పెట్టుపోతలు అన్నీ ఆ ముడి నుంచే. వడ్లు అమ్మితే పైసలు మగవాళ్ళ చేతికి వచ్చేవి. బర్రె పాలు కేంద్రానికి పోసినా చాలా ఇళ్ళల్లో చీటీ ఆయన పేరు మీదే. కోడి గుడ్డు పైసలు మాత్రం ఎవరూ అడగలేదు. పెద్దమనసుతో వదిలిపెట్టారని మేము అనుకోవడం లేదు. అడగదగినంత పెద్దవి కావు కాబట్టి వదిలేశారు. ఇది ఈ చరిత్రకంతటికీ మూలం అని మాకు తోస్తున్నది. కోడి చిన్నదిగా ఉన్నంత కాలం ఆడవాళ్ళది. పెద్దదయిన ప్రతిసారీ చేయి మారింది.

అంత చిన్నదాన్ని కూడా వదలని కాలం ఒకటి ఉండేది. నిజాం పాలనలో వెట్టి అంటే ఉత్త చాకిరీ మాత్రమే కాదు. దొరకు, పటేల్‌కు, పర్యటనకొచ్చే అధికారులకు కోళ్ళు, గుడ్లు, మేకలు ఊరివాళ్ళు ఊరికే ఇవ్వాలి. గడి నుంచి మనిషి వచ్చి వాకిట్లో తిరిగే కోడిని చూపిస్తే పట్టి ఇవ్వాల్సిందే. భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించిన చాకలి ఐలమ్మది పాలకుర్తి. 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య ప్రాణం పోయింది కడవెండిలో. రెండూ 2016లో జనగామ జిల్లాలో చేరకముందు మన వరంగల్ జిల్లాలో ఉన్నవే. ఆ పోరాటాన్ని భూమి పోరాటంగా చదువుకుంటాం, అది నిజమే. పొదిగే కోడిని కూడా గంప కింది నుంచి లాక్కుపోయారని తమ అవ్వ తిట్టిన తిట్లను మా సభ్యుల్లో ఒకరిద్దరు ఇప్పటికీ అట్లే అప్పజెప్తారు. ఇక్కడ రాయడానికి పనికిరావు.

మనుషులకు ఇష్టం లేకుండా పోయిన కోళ్ళు అవి. ఇష్టంగా ఇచ్చినవి అమ్మవార్లవి. పోచమ్మకు బోనం, మైసమ్మకు కోడి, ముత్యాలమ్మకు కోడి. రెండేళ్ళకొకసారి మాఘమాసంలో మేడారం జాతర వస్తే సమ్మక్క సారలమ్మలకు బెల్లం బంగారమై పోతుంది, కోళ్ళు, మేకలు గద్దెల దాకా నడుస్తాయి. ములుగు వైపు ఊళ్ళల్లో జాతర ఏడు, జాతర కాని ఏడు అని కోళ్ళ లెక్క వేరువేరుగా ఉంటుంది. జాతరకు ఆరేడు నెలల ముందు పొదిగించిన పుంజులు సరిగ్గా అప్పటికి అక్కరకొస్తాయి. మార్కెటింగ్ శిక్షణలో మాకు చెప్పిన మొదటి పాఠం, కొనేవాడు ఎప్పుడొస్తాడో తెలుసుకుని సరుకు తయారు చేయమని. మా అత్తలు ఆ శిక్షణకు రాలేదు.

ఇంత బాగుంటే మరి కోళ్ళతో ఎవరూ పైకి ఎందుకు రాలేదు? ఒక్క మాటలో చెప్పాలంటే కొక్కెర. పొద్దున బాగున్న కోడి సాయంత్రానికి మెడ వంకర తిప్పి, ఆకుపచ్చగా పారుకుని, రెక్కలు వాల్చి కూలబడుతుంది. మూడు రోజుల్లో వాడకట్టు ఖాళీ. ఎండాకాలంలో ఒకసారి, చలి మొదలయ్యేటప్పుడు ఒకసారి వచ్చిపోయేది. అమ్మవారికి కోపం వచ్చిందనుకున్నారు. 1926లో ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్‌లో, జావాలో ఈ రోగాన్ని గుర్తించారు. మరుసటి ఏడు మన దేశంలో హిమాలయాల దగ్గరి రాణిఖేత్‌లో కనబడింది గనుక పశువైద్యులు దాన్ని రాణిఖేత్ అంటారు. 1940లలోనే ముక్తేశ్వర్‌లోని పరిశోధన సంస్థలో టీకా తయారైంది. టీకా ఉండటం వేరు, మన గంప దాకా రావడం వేరు. ఆ రెండింటి మధ్య మన ఊళ్ళల్లో రెండు తరాల కోళ్ళు చచ్చిపోయాయి.

ఈలోగా కోడి పెద్దదయింది. ఆ మార్పు ముందు వచ్చింది అమెరికాలో, అది కూడా ఒక ఆడమనిషి వాకిట్లో. డెలావేర్ రాష్ట్రంలో సిసిల్ స్టీల్ అనే రైతు ఇల్లాలు గుడ్ల కోసం కొన్ని కోళ్ళు పెంచుకునేది. 1923లో 50 పిల్లలు కావాలని హేచరీకి రాస్తే పొరపాటున 500 పంపారు. వెనక్కి పంపకుండా షెడ్డు వేసి పెంచి మాంసానికి అమ్మింది. లాభం వచ్చింది. మూడేళ్ళలో పదివేల కోళ్ళ షెడ్డు అయింది, భర్త ఉద్యోగం మానేసి అందులోకి దిగాడు. బ్రాయిలర్ పరిశ్రమ అక్కడే మొదలైందని చెప్తారు. ఇప్పుడు అదే దేశంలో ఆ వ్యాపారం పెద్ద పెద్ద కంపెనీలది.

మన దగ్గర ఆ మార్పు 1970ల నుంచి. డాక్టర్ బి.వి. రావు 1971లో వెంకటేశ్వర హేచరీస్ పెట్టారు. దళారులు గుడ్డు ధరను తొక్కేస్తుంటే 1982లో రైతులను కూడగట్టి నేషనల్ ఎగ్ కోఆర్డినేషన్ కమిటీని, అంటే నెక్‌ను నిలబెట్టారు. గుడ్డు ధరను రైతులే ప్రకటించే పద్ధతి అట్లా వచ్చింది. ఇది గొప్ప పనే, సంఘం పెట్టుకుంటే ఏమవుతుందో చూపించిన పని. హైదరాబాద్ చుట్టుపక్కల షెడ్లు లేచాయి, గుడ్డు చౌకయింది, అంగన్‌వాడీ పిల్లల దాకా వచ్చింది. 2019 పశుగణన ప్రకారం తెలంగాణలో దాదాపు 8 కోట్ల కోళ్ళున్నాయి, తమిళనాడు, ఆంధ్రప్రదేశ్‌ల తర్వాత దేశంలో మూడో స్థానం.

ఆ తర్వాత బ్రాయిలర్ కంపెనీల ఒప్పందాలు వచ్చాయి. పిల్లలు కంపెనీవి, దాణా కంపెనీది, మందులు కంపెనీవి. షెడ్డు, కరెంటు, కూలి మనవి. 40 రోజులకు లారీ వచ్చి తూకం వేసుకుపోతే కిలోకు ఇంత అని పెంపకం కూలి ఖాతాలో పడుతుంది. మా మండలాల్లో అట్లాంటి షెడ్లు ఉన్నాయి. వాటిలో దాణా మోసేది, నీళ్ళ తొట్లు కడిగేది, ఊక తిరగేసేది ఎక్కువగా ఆడవాళ్ళే. ఒప్పంద కాగితం మీద సంతకం మాత్రం షెడ్డు ఎవరి పట్టా భూమిలో ఉంటే వాళ్ళది. కొంగు ముడి ఆ లారీ కింద పడిపోయింది.

అయినా పెరటి కోడి పోలేదు. అదే 2019 లెక్కల్లో దేశం మొత్తం మీద ఫారం కోళ్ళు అంతకు ముందు గణన కంటే నాలుగైదు శాతమే పెరిగితే, పెరటి కోళ్ళు దాదాపు 46 శాతం పెరిగి 31 కోట్లు దాటాయి. ఇందులో మన సంఘాల పాత్ర కూడా కొంత ఉందని అనుకుంటున్నాం.

సంఘాల కథ చాలాసార్లు ఈ పుస్తకంలో వచ్చిందే కనుక వేగంగా చెప్పుకుపోతాం. 1982లో డ్వాక్రా. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి సారా వ్యతిరేక ఉద్యమం, ఆ వెనకే రోజుకో రూపాయి పొదుపు. అదే ఏడు నాబార్డు సంఘాలకు బ్యాంకు అప్పు ఇచ్చే ప్రయత్నం మొదలుపెట్టింది. మన వరంగల్, కరీంనగర్ ఊళ్ళల్లో సహకార వికాస సంస్థ వారి తోడ్పాటుతో మహిళా పొదుపు సంఘాలు 1990ల నుంచి నడిచాయి. ముల్కనూరులో ఆడవాళ్ళ పాల డెయిరీ 2000లో వచ్చింది. అదే ఏడు సెర్ప్, వెలుగు. తర్వాత ఇందిరా క్రాంతి పథం, స్త్రీనిధి. ముల్కనూరు డెయిరీ సంగతి ఇక్కడ ఎందుకంటే, పాల పైసలు ఆడవాళ్ళ పేరు మీదనే పడాలని పట్టుబట్టి, సభ్యత్వమే ఆడవాళ్ళకు ఇచ్చిన చోటు అది. పెద్దదయినా చేయి మారకుండా ఉంచవచ్చునని మన పక్కనే ఒక రుజువు ఉంది.

సంఘం తొలినాళ్ళ అప్పు రిజిస్టర్లు చూస్తే నవ్వొస్తుంది. 'దేనికోసం' అన్న గడిలో వరుసగా కోళ్ళు, కోళ్ళు, మేకలు, కోళ్ళు. ఆదాయం వచ్చే పనికే అప్పు ఇవ్వాలన్న రూలు ఉండేది. ఆస్పత్రికి తీసుకున్నామె, బిడ్డ ఫీజుకు తీసుకున్నామె, పాత షావుకారు బాకీ తీర్చినామె అందరూ కోళ్ళే రాయించారు. ఆ రిజిస్టర్ల ప్రకారం మా ఊళ్ళల్లో మనుషులకంటే కోళ్ళే ఎక్కువ ఉండాలి. మేమే రాశాం, మాకు తెలుసు. చరిత్ర రాసేవాళ్ళు ఎవరైనా ఆ పుస్తకాలు తిరగేస్తే కాస్త జాగ్రత్తగా చూడమని మనవి.

నిజంగా కోళ్ళ కోసం అప్పు తీసుకున్నది వనరాజా పిల్లలు వచ్చినప్పుడు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో 1988లో కోళ్ళ పరిశోధన కోసం కేంద్ర సంస్థ ఒకటి మొదలైంది. పెరట్లో తిరిగి బతికేటట్టు, నాటుకోడి రంగుల్లో ఉండేటట్టు వనరాజా, గ్రామప్రియ రకాలు అక్కడే తయారయ్యాయి. వనరాజా ఏడాదికి నూరు, నూటపది గుడ్లు పెడుతుంది, గ్రామప్రియ ఇంకా ఎక్కువ. నాటుకోడి ఆరేడు నెలలకు తూగే బరువు ఇవి మూడు నెలలకే తూగుతాయి. రాజేంద్రనగర్‌లోనే పశువైద్య విశ్వవిద్యాలయం వారు రాజశ్రీ రకం తెచ్చారు. కేంద్రం 2009–10లో పెట్టిన పెరటి కోళ్ళ పథకంలో పేద కుటుంబానికి నాలుగు వారాల పిల్లలు 45, విడతలుగా ఇవ్వాలని రాసుకున్నారు. అట్లాంటి లెక్కలే చూసుకుని మా గ్రామ సంఘాల్లో కూడా తీర్మానం చేశాం.

ఒక ఏడు జరిగింది చెప్పాలి. పిల్లలు అమ్మినవాళ్ళు నాలుగు వారాలవని చెప్పారు. దింపినప్పుడు చూస్తే రెండు వారాలవి కూడా ఉన్నాయి. టీకాలు వేశామన్నారు, కాగితం ఇవ్వలేదు. మేము అడగలేదు. లారీ వచ్చిందన్న సంబరంలో బుట్టలు పట్టుకుని పంచుకున్నాం. పదిహేను రోజుల్లో కొక్కెర వచ్చింది. కొత్త పిల్లలతో పాటు ఇంట్లో ఉన్న పాత నాటుకోళ్ళు కూడా పోయాయి. నాటు పెట్టలు పోవడం అసలు దెబ్బ, ఎందుకంటే వనరాజా ఎక్కువ గుడ్లు పెట్టేది పొదుగు మానుకునే. దాని గుడ్డు మీద అది కూర్చోదు. అంటే ఇప్పుడు పిల్ల కావాలంటే మళ్ళీ హేచరీకే పోవాలి, మళ్ళీ పైసలు పెట్టాలి. మా అవ్వలకు కోడి తెచ్చినాక ఇంకొకసారి కోడి కొనే పని లేకుండె.

కోళ్ళు చచ్చినా కిస్తీ చావలేదు. సంఘంలో ఒకామె, ఒంటరి ఆడమనిషి, మూడు నెలలు కట్టలేదు. మేము రూలు ప్రకారం ఆమె పేరు బకాయిల్లో ఎక్కించి మీటింగులో చదివాం. ఆమె సంఘానికి రావడం మానుకున్నది. ఆ ఏటి నివేదికలో వసూలు శాతం బాగుందని మాకు మెచ్చుకోలు వచ్చింది. పాలుకు ఇచ్చిన కోడి పోతే నష్టం ఇద్దరూ పంచుకునేవాళ్ళని పైన రాశాం కదా. ఆ పద్ధతి తెలిసిన మేమే అట్లా చేశాం. పోయిన కోళ్ళ లెక్క ఆ నివేదికలో లేదు, ఆమె లెక్క కూడా లేదు.

తర్వాత నేర్చుకున్నది ఎక్కువగా టీకా గురించే. ఇందులో ఒక చిన్న చిక్కు ఉంది, అది తెలియక ఎన్నో ఏళ్ళు పోయాయి. పుట్టిన వారంలోపు లసోటా చుక్క కంట్లోనో ముక్కులోనో వేయాలి, ఎనిమిది వారాలకు ఆర్-టు-బి సూది. మందు సీసా మాత్రం నూరు, రెండు వందల కోళ్ళకు సరిపడా ఉంటుంది. ఒకసారి కలిపితే రెండు గంటల్లో అయిపోవాలి, ఐసు డబ్బాలో ఉండాలి. అయిదు కోళ్ళున్న ఇల్లాలు ఒక్కతే సీసా కొని ఏం చేస్తుంది? పశువుల ఆస్పత్రికి పోతే అయిదు కోళ్ళ కోసం సీసా విప్పడానికి వాళ్ళకూ మనసు రాదు. కానీ సంఘంలో పదిమంది, గ్రామ సంఘంలో పదిహేను సంఘాలు ఉన్నాయి. ముందు రోజు చాటింపు వేసి, కోళ్ళను గూళ్ళ నుంచి విడవకముందే, తెల్లవారుజామున మన పశుమిత్ర ఇల్లిల్లూ తిరిగితే ఒక సీసా పొద్దెక్కేలోపు ఖర్చవుతుంది. కోడికి ఒక రూపాయో రెండు రూపాయలో. కోడి కూసేవేళ చేసే పని ఇది, మధ్యాహ్నం వస్తే కోళ్ళు చేతికి దొరకవు. ఈ చిన్న సంగతి ఏ ఫైలులోనూ మాకు కనిపించలేదు.

వేరే చోట్ల కూడా ఇదే దారిలో నడిచారు. బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ 1980ల నుంచి ఊరి ఆడవాళ్ళకే టీకా వేయడం నేర్పింది. ఒకరు టీకా వేస్తే, ఒకరు చిన్న హేచరీ నడిపితే, ఇంకొకరు పిల్లల్ని పెంచి అమ్ముతారు. ఆఫ్రికాలో ఐసు దొరకని ఊళ్ళ కోసం ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు వేడికి త్వరగా పాడవని ఐ-టు అనే టీకా తయారు చేస్తే, మొజాంబిక్, టాంజానియా ఆడవాళ్ళు కంటి చుక్కతోనే వేసుకుంటున్నారు.

పెరటి కోడికి రోగం భయం ఒకటైతే పుకారు భయం ఇంకొకటి. 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్ర నవాపూర్‌లో బర్డ్‌ఫ్లూ బయటపడితే ఇక్కడ మన అంగట్లో కోడిని ఎవరూ ముట్టలేదు. 2020లో కరోనా రాకముందే కోడి వల్ల వస్తుందని పుకారు లేచింది. హైదరాబాద్‌లో మంత్రులు వేదిక మీద చికెన్, గుడ్లు తిని చూపించాల్సి వచ్చింది. ఆ తర్వాత కొద్ది నెలలకే బలం కోసం గుడ్డు తినమని డాక్టర్లే చెప్పారు. ఫారం వాళ్ళు ఆ రెండు మూడు నెలల్లో అప్పుల పాలయ్యారు. పెరట్లో పది కోళ్ళున్నామె మాత్రం అమ్మలేదు, దాణా కొనేది లేదు కనుక నష్టమూ పడలేదు, పిల్లలకు గుడ్డు పెట్టింది. చిన్నగా ఉండటంలో ఉన్న బలం అప్పుడు బాగా తెలిసింది. అయితే బర్డ్‌ఫ్లూ నిజంగా మన ఊళ్ళోనే వస్తే, చుట్టుపక్కల పెరటి కోళ్ళనూ చంపేయాల్సి ఉంటుంది. 2025 మొదట్లో గోదావరి జిల్లాల్లో వచ్చినప్పుడు మా సభ్యులు అడిగిన మొదటి ప్రశ్న, పరిహారం ఎవరి పేరు మీద ఇస్తారని. లెక్కల్లో పేరుంటేనే పరిహారంలో పేరుంటుంది.

ఇప్పుడు మళ్ళీ కోడి పెద్దదవుతున్నది. 2024 నుంచి ఇందిరా మహిళా శక్తి కింద సంఘాలకు పెరటి కోళ్ళ యూనిట్లు, మదర్ యూనిట్లు ఇస్తున్నారు. జాతీయ పశుసంపద మిషన్‌లో వెయ్యి పెద్ద కోళ్ళ ఫారం, హేచరీ పెట్టుకుంటే సగం సబ్సిడీ, 25 లక్షల దాకా. హన్మకొండ, వరంగల్‌లలో నాటుకోడికి గిరాకీ ఎంతో ఉన్నది, బ్రాయిలర్ ధరకు రెండింతలైనా కొంటారు. ఆ గిరాకీ చూసి గిరిరాజా పుంజులనే నాటుకోళ్ళని అమ్మేవాళ్ళు కూడా తయారయ్యారు. తిన్నాక గానీ తెలియదు. మదర్ యూనిట్‌కు షెడ్డు కావాలి, షెడ్డుకు జాగా కావాలి, జాగా పట్టా ఎవరి పేరున ఉన్నదో అందరికీ తెలుసు. మొదటి యూనిట్లు పెట్టుకున్న ఇళ్ళకు మేము పోయి చూస్తే కొన్ని చోట్ల "ఆయన్నే అడుగుండ్రి, లెక్కలు ఆయనకే తెలుసు" అన్నారు. ఇంకొకచోట ఒకామె దాణా బస్తాల మీద బొగ్గుతో గీతలు గీసి పెట్టుకున్నది, ఆమె లెక్క ఆమెదే.

ఈ ఏడు మండల సమాఖ్య తీర్మానంలో మూడు సంగతులు రాసుకున్నాం. పిల్లలు దింపుకునే ముందు టీకా కాగితం, వయసు చూడనిదే సంతకం పెట్టకూడదు. వనరాజా తీసుకున్న ప్రతి ఇంట్లో కనీసం రెండు నాటు పెట్టలు ఉండాలి, పొదగడానికి. అప్పు రిజిస్టరులో 'దేనికోసం' అన్న గడి పక్కన కొత్తగా ఒక గడి గీశాం: అమ్మింది ఎవరు, పైసలు ఎవరి చేతికి వచ్చాయి. ఈ గడి నింపడానికి సిగ్గుపడేవాళ్ళు ఉన్నారు, తగువు పడేవాళ్ళు ఉన్నారు. మూడోవంతు గడులు ఇంకా ఖాళీగానే ఉన్నాయి. ఈసారి అబద్ధం మాత్రం రాయించడం లేదు.

బకాయిల్లో పేరు చదివిన ఆమె ఇంటికి పోయిన ఎండాకాలం ముందు మేము నలుగురం పోయాం. ఆమె లోపలికి రమ్మనలేదు, గడప మీదనే కూర్చోబెట్టింది. కొట్టం మూల నాలుగు గంపలు ఉన్నాయి, నాలుగింటి కింద నాలుగు నాటు పెట్టలు పొదుగుతున్నాయి. గుడ్లు ఆమెవి కావు. వాడకట్టులో వనరాజా ఉన్నవాళ్ళు తెచ్చి ఇచ్చినవి, ఒక గుడ్డు మీద ఒక గీత, ఇంకొక దాని మీద రెండు గీతలు, ఎవరివి ఎవరివో తెలియడానికి. లేచిన పిల్లల్లో మూడింట ఒకటి ఆమె పాలు. పాత కిస్తీ ఎంత ఉన్నదో అడిగింది, వడ్డీ తీసేసి అసలు చెప్పాం. ఒక గంప కింద చేయి పెట్టి గుడ్లు తడిమి చూసి, ఇంకా ఆరు రోజులు పడుతుందన్నది.